ఇసుకలో దిద్దిన అక్షరములు

తంజావూరి నాయకరాజును కవియునైన రఘునాథుడు తెలుగు రచయితలకు చిరపరిచితుడు. ఆయన 1620లో డేనుల వర్తకమున కొసగిన తీరపు పల్లె తరంగంబాడి. అది 1845లో ఆంగ్లేయుల పరమగువరకు డేనుల స్థావరముగా నుండెను. ఆ రేవున 1706 జూలై 9వ తేదీన ఇరువురు జర్మను మతబోధకులు దిగిరి. వారిలో చిన్నవాడు బర్తొలొమేయస్ జీగెన్‌బాల్గ్. వయస్సు ఇంచుమించు 24 ఏండ్లు. హాలె విద్యాలయమున చదివి, డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా వచ్చినవాడు.

రాజు పంపిన వారికి రేవున స్వాగతము లభింపలేదు. మతబోధ వర్తకమునకు విఘ్నమగునని కోట అధికారి హాసియస్ వారిని ముభావముగ చూచెను. తొలి సాయంకాలము వారు వీధిలో దిక్కుతోచక నిలువవలసి వచ్చెను. కంపెనీ ఉద్యోగి యొకడు జాలిగొని బస చూపెను.

తలదాచుకొన చోటు దొరకినను నోరు విప్పుటకు మాట లేదు. మొదట ఇరువురును రేవులలో చెల్లుబడియగు పోర్చుగీసు భాష నారంభించిరి. కాని ఊరి ప్రజల భాష తమిళము. పోర్చుగీసును సహచరుడు ప్లూచౌకు విడిచి, జీగెన్‌బాల్గ్ తమిళమునకు పూనుకొనెను. వృద్ధుడైన పంతులొకడు తన వీధిబడిని వారి యింటికే తీసికొనివచ్చెను. పిల్లల నడుమ నేలపై కూర్చుండి, విద్యాలయమున చదివిన ఈయన ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెను. బోధింప వచ్చినవాడు ముందుగా బాలశిక్ష కూర్చుండవలసి వచ్చెను. ఐరోపా భాషలు కొన్ని యెరిగిన అళగప్పన్ ఆయనకు దుబాసిగా కుదిరెను.

అక్షరముల నుండి ఆయన త్వరలోనే గ్రంథముల కడకు పోయెను. ఉదయము పాఠములు వల్లించుట, పిమ్మట ఒక కవి ప్రక్కనుండి అర్థము చెప్పగా తాటాకు పుస్తకములు చదువుట, వ్రాయసగాడు క్రొత్త మాటలు వ్రాసికొనుట: ఇది దినచర్య. గ్రంథములు సేకరింప లేఖకులను దూరపు పల్లెలకు పంపెను. వచ్చి రెండేండ్లకే, 1708లో, తాను సేకరించిన తమిళ గ్రంథములకు పట్టిక కూర్చి ఐరోపాకు పంపెను. అందు తొల్కాప్పియము, తిరుక్కురళ్ మొదలగు వాని ప్రసక్తి గలదు.

ఈ భాషకు నియమములుండునని గాని, ఈ ప్రజలకు సక్రమమైన జీవితవ్యవస్థ గలదని గాని రాకపూర్వము తాను తలంపలేదనియు, చదివిన పిమ్మట ఆ భ్రమ తొలగినదనియు ఆయనయే ఒప్పుకొనెను. అట్లని ఆయన మతము మారలేదు. విగ్రహారాధనను ఖండించుట మానలేదు. మత మార్పిడియే ఆయన ధ్యేయముగ నుండెను. కాని తాను ఖండించుదానిని ముందు తెలిసికొనవలెనను నిజాయితీ ఆయనకు కలిగెను. దానిని నేర్పినది ఆ వీధిబడియే యని నా తలంపు.

ఆ నిజాయితీకి ఇరుదెసల నుండియు ఎదురు తగిలెను. హాసియస్‌తో పెరిగిన విరోధము వలన 1708 చివర మొదలై నాలుగు నెలలు ఆయన కోటలో బందీగా నుండెను. పిదప 1713లో దక్షిణదేశపు దేవతలను గూర్చి, ఇచ్చటివారు చెప్పినదానిని ఆధారముగా గొని, ఒక గ్రంథము వ్రాసి హాలెకు పంపగా, గురుస్థానీయుడైన ఫ్రాంకె దానిని అచ్చు వేయింప నొల్లలేదు. అన్యమతమును నిర్మూలించుటకే గాని దానిని ఐరోపాలో వ్యాపింపజేయుటకు గాదు బోధకులను పంపుట యని ఆయన తలంపు. ఆ గ్రంథము 1867లో మద్రాసున వెలువడెను. అప్పటికి దాని కర్త గతించి దాదాపు నూటయేబదేండ్లు. తమిళ కొత్త నిబంధనను 1714-15లలో తరంగంబాడిలో అచ్చొత్తించిన ఆ బోధకుడు 1719 ఫిబ్రవరి 23న, 36 ఏండ్ల వయస్సున, కన్నుమూసెను.

ఆ సంవత్సరముననే తరంగంబాడి చేరిన బెంజమిన్ షుల్జ్ పిదప మద్రాసులో తెలుగు నేర్చి, స్వదేశమునకు మరలిన తరువాత 1746-47లలో హాలెలో తెలుగు పుస్తకములు అచ్చు వేయించెను. తెలుగు ముద్రణ చరిత్ర చెప్పునపుడు మన మా పుస్తకములను తప్పక తలతుము. ఒక మెట్టు వెనుకకు పోయినచో తరంగంబాడి ఇసుక కనబడును. పరదేశి వ్రేలు పట్టి అక్షరము దిద్దించిన ఆ వృద్ధ పంతులునకును మన వందనము చెల్లవలసి యున్నది.