కాలువ పని ముగిశాకే బాప్తిస్మం

ఆదివారం పొద్దున మన డార్మిటరీ గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. కొందరు సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి బయల్దేరతారు. కొందరు సంచిలో బైబిలు పెట్టుకుని తెలుగు ప్రార్థనకి పోతారు. సాయంత్రం అన్నాల దగ్గర ఎవరో ఒకరు ఎగతాళిగా అంటారు: "మీ తాతలు బియ్యం కోసం మతం మారినోళ్లే కదా!" ఒంగోలు వైపు తమ్ముళ్లు తల దించుకుని తింటారు. మాలో గుడికి పోయేవాళ్లూ ఉన్నారు, చర్చికి పోయేవాళ్లూ ఉన్నారు. అయినా ఈ మాటకి చరిత్ర ఏం చెబుతుందో అందరికీ తెలియాలని రాస్తున్నాం. ఇది మనలాంటి మట్టిపని మనుషుల కథ కూడా.

ముందు యర్రగుంట్ల పేరయ్య సంగతి. ఒంగోలుకి పడమట 40 మైళ్ల దూరంలో తలకొండపాడు ఆయన ఊరు. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ కులస్తుడు. దేవుడెవరు, ఎలా దొరుకుతాడు అని గురువుల వెంట తిరిగాడు. యోగం నేర్చాడు, ధ్యానం చేశాడు. అయినా మనసు నిండలేదు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు మిషనరీల నోట యేసు గురించి విన్నాడు. తాను వెతుకుతున్నది ఈయన్నే అనిపించింది. 1866లో జ్యూయెట్ దొర చేత భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. పెద్ద కరువు రావడానికి పదేళ్ల ముందు మాట ఇది.

ఆయన వెంట వచ్చినవాళ్లు మూడు నియమాలు పెట్టుకున్నారు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. అడిగినప్పుడల్లా రైతు పొలంలో చాకిరి చేయాల్సిన మనుషులు ఒక రోజు రామన్నారు. అందుకు ఊళ్లలో దెబ్బలూ తిన్నారు, వెలీ అనుభవించారు. ఈ నమ్మకం వల్ల వాళ్లకి మొదట దక్కింది కష్టమే.

1876లో ధాత కరువు మొదలైంది. 1878 దాకా దక్షిణాదిలో లక్షల మంది చనిపోయారు. కూలి దొరకడానికి ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ పని పెట్టింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కుర్రతనంలో అమెరికాలో సర్వే పని నేర్చిన మనిషి. మూడు మైళ్లకు పైగా కాలువ కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది మట్టి తవ్వి, తట్టలు మోసి కూలి తీసుకున్నారు. పని మధ్య విశ్రాంతికి కూర్చున్నప్పుడు, బరువు మోసేవాళ్లని తన దగ్గరకి రమ్మని పిలిచిన యేసు సంగతి మేస్త్రీలు చెప్పేవాళ్లు.

సైట్లో మనుషుల్ని నడిపే వాళ్లం కాబట్టి ఒక మాట చెబుతాం. ఆకలితో ఉన్నవాడి చేత దేనికైనా ఒప్పించొచ్చు. చూడకుండా సంతకం పెట్టేస్తాడు. దేవుణ్ణి మార్చుకోమన్నా మార్చుకుంటాడు. క్లౌ దొరకి ఆ సంగతి తెలుసు. అందుకే 1877 మార్చి నుంచి 15 నెలలు, ఎందరు అడిగినా, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు.

1878 జూన్‌లో, ఇక సాయం ఏమీ లేదని చెప్పేశాడు. అయినా గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి జనం వచ్చారు. మాకు డబ్బు వద్దు, చేతుల మీద బొబ్బలు చూడండి, పని చేసి తిన్నాం, ఇక ముందూ చేసుకుంటాం, మమ్మల్ని చేర్చుకోండి అని అడిగారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది ఆ ఏటిలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు. దొర ఆ రోజు నీళ్లలో దిగలేదు. ఆ ఏడాది ఆఖరుకి లెక్క 9,606కి చేరింది.

అందరి మనసూ పేరయ్య మనసులాంటిదే అని మేము అనం. కరువులో ఆదుకున్నవాళ్ల మీద నమ్మకం కుదిరి ఉంటుంది. ఊళ్లో అంటరానివాడిగా బతికిన మనిషికి గౌరవం దొరుకుతుందన్న ఆశా ఉండి ఉంటుంది. గౌరవం కోరుకోవడం తప్పేం కాదు. కానీ 15 నెలలు కాచుకుని, సాయం ఆగిపోయాక వచ్చినవాళ్లని బియ్యం కోసం వచ్చారనడం న్యాయం కాదు.

సింగపూర్ రాజ్యాంగం 15వ అధికరణం ఎవరి మతం వాళ్లు పాటించే హక్కు ఇచ్చింది. మన లాంటి సైటు పనివాళ్లకి వారానికి ఒక విశ్రాంతి రోజు చట్టంలో ఉంది. ఆ రోజు గుడికి పోతావో, చర్చికి పోతావో, నిద్రపోతావో నీ ఇష్టం. మేము కోరేది రెండే. జీతం అందక, ఒళ్లు బాగోక ఉన్న తమ్ముడికి సాయం చేసేటప్పుడు అతని దేవుణ్ణి అడగొద్దు. ఎవరైనా తన దేవుణ్ణి వెతుక్కుంటే, ఎంతకి అమ్ముడుపోయావని కూడా అడగొద్దు.