గోదావరికి ఈవలి ఒడ్డు : జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత చరిత్రకు ఛాయాచిత్రం ఒక ఆధారం

వ్యాససంగ్రహం:

పూర్వపు హైదరాబాదు రాజ్యానికి సంబంధించిన ఛాయాచిత్రాలు నేడు దేశ విదేశాల గ్రంథాలయాలలో పెద్దసంఖ్యలో భద్రంగా ఉన్నాయి. అయితే ఆ రాజ్యంలోని అన్ని ప్రాంతాలకూ, అన్ని వర్గాలకూ వాటిలో సమానమైన చోటు దక్కలేదు. గోదావరికి ఉత్తరాన ఉన్న ఆదిలాబాదు గోండు గూడేలు 1940ల నాటికే ప్రపంచస్థాయి సేకరణలో చేరాయి. నదికి దక్షిణాన ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల నిత్యజీవనం మాత్రం ఎక్కువగా ఇళ్లలోని పెట్టెలకు, స్టూడియోల నెగటివు డబ్బాలకు పరిమితమైంది. ఈ వ్యత్యాసానికి కారణాలను, అది చరిత్ర రచనపై చూపే ప్రభావాన్ని, స్థానిక గ్రంథాలయాలు చేయగలిగిన పనిని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఛాయాచిత్రం, గ్రంథాలయం, స్థానిక చరిత్ర, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, హైమెన్‌డార్ఫ్, దీనదయాళ్, నిత్యజీవనం.

1. ఉపోద్ఘాతం:

శాసనం, తాళపత్రం, ప్రభుత్వ దస్త్రం, మౌఖిక కథనం అనేవి తెలుగు ప్రాంతాల చరిత్ర రచనకు అలవాటైన ఆధారాలు. ఛాయాచిత్రాన్ని మాత్రం మన పరిశోధన గ్రంథాలు ఎక్కువగా అనుబంధంలోనే చేర్చాయి. రచయిత తన వాదాన్ని ముందే నిర్మించుకొని, దానికి అలంకారంగా చివర నాలుగు బొమ్మలు జోడించడం సాధారణ పద్ధతిగా స్థిరపడింది. ఛాయాచిత్రం కూడా ఒక దస్త్రమే. దానిని తీయించినవారు, తీసినవారు, అందులో నిలబడినవారు, దాచినవారు వేరువేరు వ్యక్తులు. ఈ నలుగురి మధ్య సంబంధాన్ని గుర్తించినప్పుడే అది చరిత్రకు ఉపయోగపడే ఆధారమవుతుంది.

ఈ దృష్టితో పూర్వపు కరీంనగర్ జిల్లాలోని మూడు పట్టణాలను ఇక్కడ ఎన్నుకోవడం జరిగింది. ఇవి మూడూ వృత్తి కేంద్రాలు, వలస కేంద్రాలు, ప్రజా ఉద్యమ కేంద్రాలు. ఇంతటి చలనం ఉన్న ప్రాంతం ప్రసిద్ధ ఛాయాచిత్ర సేకరణల ప్రధాన దృష్టికి ఎందుకు ఆవలగా ఉండిపోయిందనేది ఈ వ్యాసంలోని మూలప్రశ్న.

2. మూడు పట్టణాల నేపథ్యం:

నిజాం పాలనలో ఈ ప్రాంతం ఎలగందుల జిల్లాలో ఉండేది. 1905 నాటి పునర్వ్యవస్థీకరణతో కరీంనగర్ జిల్లా ఏర్పడింది. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరువేరు జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది.

జగిత్యాలకు నక్షత్రాకారపు కోట, దాని చుట్టూ ఉన్న కందకం ప్రత్యేక గుర్తింపునిచ్చాయి. 18వ శతాబ్దంలో కట్టిన ఈ కోట నిర్మాణంలో ఫ్రెంచి ఇంజనీర్ల పాత్ర ఉన్నట్లు ప్రసిద్ధి. కోరుట్ల ఒకప్పుడు చేతికాగితానికి పేరుపొందింది. అక్కడ తయారైన ముతక కాగితం గ్రామ లెక్కల పుస్తకాలకు వాడుకలో ఉండేది. సిరిసిల్ల నేతవృత్తి కేంద్రం. చేమగ్గం నుంచి మరమగ్గానికి మారిన క్రమం, భీవండి, షోలాపూర్ పట్టణాలకు సాగిన వలసలు ఈ పట్టణ చరిత్రలో విడదీయరాని భాగాలు. బీడీల తయారీ ఈ ప్రాంతమంతటా స్త్రీలకు ప్రధాన జీవనాధారమైంది. 1970ల తరువాత గల్ఫ్ దేశాలకు వలస పెరిగింది.

కోరుట్ల కాగితం విషయంలో ఒక విశేషాన్ని గమనించాలి. ఆ కాగితంపై రాసిన భూమి శిస్తు లెక్కలు రాజ్యానికి అవసరమైనవి కాబట్టి దస్త్రాలలో నిలిచాయి. గుజ్జును నలగ్గొట్టి, తొట్టిలో చట్రాన్ని ముంచి, తడి కాగితాన్ని ఎండబెట్టిన శ్రామికుల గురించి ఆ లెక్కలు చెప్పేది బహు స్వల్పం. దస్త్రంలో కనిపించే ఈ అసమానతే కెమెరా వచ్చిన తరువాత కూడా కొనసాగింది.

3. ఆస్థాన ఛాయాచిత్రం:

హైదరాబాదు రాజ్యపు ఛాయాచిత్ర చరిత్ర రాజా దీనదయాళ్ (1844–1905) పేరుతో ముడిపడి ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఉన్న ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు లభించింది. సికింద్రాబాదులోని ఆయన స్టూడియో నుంచి వెలువడిన చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలోని కర్జన్ సేకరణలో ఉన్నాయి. ఆయన స్టూడియోకు చెందిన రెండువేలకు పైగా గాజు నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

ఈ చిత్రాలలో రాజప్రాసాదాలు, వేటయాత్రలు, సైనిక విన్యాసాలు, రాజప్రతినిధుల పర్యటనలు ప్రముఖంగా కనిపిస్తాయి. సామాన్యులు లేరని కాదు. కరువు సహాయక పనులను నమోదు చేసిన చిత్రాలలో కూలీలు గుంపులుగా కనిపిస్తారు. కానీ వారిని చూపడంలోని ఉద్దేశం ప్రభుత్వ సహాయాన్ని నిరూపించడం. ప్రభువుల చిత్రానికి కింద వారి పేర్లు, బిరుదులు ఉంటాయి. కూలీల చిత్రానికి పని పేరు, స్థలం పేరు మాత్రమే ఉంటాయి. పరిశోధకుడు ఈ శీర్షికల తేడాను కూడా చిత్రంలో భాగంగానే చదవవలసి ఉంటుంది.

4. రైలుమార్గం, కెమెరా:

గాజు ఫలకాల కాలంలో ఛాయాచిత్రణం బరువైన పని. పెట్టెలు, రసాయనాలు, ముక్కాలిపీట, సహాయకులు అందరూ కలిసి ప్రయాణించాలి. అందువల్ల రైలు, మంచి బాట ఉన్న చోటికి కెమెరా ముందుగా చేరింది. హైదరాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడ్ వెళ్లే మార్గం 20వ శతాబ్దారంభానికి సిద్ధమైంది. కాజీపేట నుంచి పెద్దపల్లి మీదుగా బల్లార్షా వెళ్లే మార్గం 1920ల చివర పూర్తయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఈ రెండు మార్గాల నడుమ ఉండిపోయాయి. జగిత్యాల, కోరుట్లలకు రైలు 21వ శతాబ్దంలోనే వచ్చింది.

రైలు లేకపోవడాన్ని ఏకైక కారణంగా చూపడం సరికాదు. రైలు లేని గూడేలకు కూడా కెమెరా వెళ్లిన సందర్భం ఉంది. కాబట్టి దూరంతో పాటు రాజ్యపు అవసరాన్ని కూడా పరిశీలించాలి.

5. ఉత్తరతీరం – హైమెన్‌డార్ఫ్ సేకరణ:

ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ (1909–1995) రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు రాజ్యంలో ఉన్నాడు. మొదట చెంచులలో, తరువాత కొండరెడ్లలో, ఆపైన ఆదిలాబాదు గోండులలో క్షేత్రపరిశోధన చేశాడు. చెంచులపై 1943లో, కొండరెడ్లపై 1945లో, రాజ్‌గోండులపై 1948లో ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. భార్య బెట్టీ ఎలిజబెత్ ఈ పరిశోధనలో ఆయనకు సహచరి. ఆయన తీసిన వేలాది ఛాయాచిత్రాలు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి.

గోండు ప్రాంతంలో ఆయన పనికి రాజకీయ నేపథ్యం ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించిన తరువాత, ఆదివాసుల అసంతృప్తికి మూలాలేమిటో నిజాం ప్రభుత్వం తెలుసుకోవలసి వచ్చింది. మార్లవాయి కేంద్రంగా గోండు విద్యాపథకం, భూమి పట్టాల ప్రయత్నాలు ఈ క్రమంలో వచ్చినవే. అంటే గోండు గూడెం కెమెరాకు దొరకడానికి ఒక తిరుగుబాటు, దానిపై ప్రభుత్వ స్పందన నేపథ్యంగా ఉన్నాయి. హైమెన్‌డార్ఫ్‌కు గోండులపై ఉన్న ఆదరం నిజమైనదే. అయినా ఆ ఆదరానికి దారి తెరిచింది ప్రభుత్వ అవసరమే.

ఈ సేకరణను దక్షిణతీర చరిత్రకు కూడా వాడుకోవచ్చు. గోండులు ప్రధానంగా వ్యవసాయదారులు. నేత వారి వృత్తి కాదు. వారి ఒంటిమీది బట్ట సంత నుంచి, వృత్తి నేతగాళ్ల నుంచి రావలసిందే. కాబట్టి జాతర చిత్రంలోని తలపాగా, చీర అంచు, ఇత్తడి పాత్ర మైదాన ప్రాంతపు వృత్తులతో ఉన్న సంబంధాన్ని సూచిస్తాయి. ఒక బట్ట ఫలానా ఊరి మగ్గంపై నేసినదని చిత్రాన్ని బట్టి చెప్పలేము. కానీ సంతల మార్గాలను, వర్తక సంబంధాలను వెతకడానికి అది తగిన ప్రశ్నను అందిస్తుంది. ఆదివాసి అధ్యయనాలకు, మైదాన ప్రాంత వృత్తుల అధ్యయనాలకు మధ్య మన విశ్వవిద్యాలయాలలో ఏర్పడిన గోడను దాటడానికి ఇటువంటి పఠనం తోడ్పడుతుంది.

6. ప్రజాజీవనం – సభ, ఉద్యమం:

ఈ ప్రాంతపు ప్రజాజీవనంలో రెండు ఘట్టాలు ముఖ్యమైనవి. మొదటిది 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగిన నాల్గవ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ. రెండవది 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర.

మహాసభల కాలంలో సమూహచిత్రం ఒక మర్యాదగా ఉండేది. అధ్యక్షుడు నడుమ కుర్చీలో, ప్రముఖులు అటూ ఇటూ, కార్యకర్తలు వెనుక వరుసలో, పిల్లలు నేలపై కూర్చోవడం దాని సాధారణ క్రమం. ఇటువంటి చిత్రాలలో మొదటి వరుసను గుర్తించడంతోనే మన పరిశోధన తరచుగా ఆగిపోతుంది. పందిరి వేసినవారు, వంట చేసినవారు, బండ్లు తోలినవారు ఆ చట్రంలో లేరు. మహాసభలతో పాటు మహిళాసభలు కూడా జరిగేవి కనుక స్త్రీలు ఏ వరుసలో ఉన్నారు, అసలు ఉన్నారా, ఉంటే వారి పేర్లు నమోదయ్యాయా అనేది విడిగా అడగవలసిన ప్రశ్న.

1978 నాటికి పరిస్థితి మారింది. వెట్టి, దొరల జరిమానాలు, బంజరు భూముల ఆక్రమణలకు వ్యతిరేకంగా రైతుకూలీ సంఘాలు నిలబడ్డాయి. వేలాదిమంది జగిత్యాలకు తరలివచ్చారు. అదే సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇటువంటి కాలంలో ఛాయాచిత్రానికి రెండు విలువలు ఏర్పడతాయి. ఊరేగింపులో నడిచిన మనిషికి అది జ్ఞాపకం. పోలీసు విచారణలో అదే సాక్ష్యం. తన ముఖం కనిపించే చిత్రాన్ని దాచుకోవడమే ప్రమాదమయ్యే చోట ప్రజల సేకరణ పెరగదు. కాబట్టి ఉద్యమ ప్రాంతంలో చిత్రాల కొరతను ప్రజల నిర్లక్ష్యంగా భావించకూడదు. ఆ కొరతలో భయానికి కూడా పాత్ర ఉండవచ్చునన్న అవగాహనతో పరిశోధకుడు కుటుంబాలను సమీపించాలి.

7. నిత్యజీవనం – స్టూడియో, గుర్తింపు కార్డు:

ప్రభుత్వ సేకరణల దృష్టికి ఆవల ఉన్న నిత్యజీవనం పట్టణ స్టూడియోలలో నమోదైంది. పెళ్లి, పురుడు, పిల్లల మొదటి పుట్టినరోజు, పదవతరగతి హాల్‌టికెట్టు, పాస్‌పోర్టు వంటి సందర్భాలు సామాన్యుడిని కెమెరా ముందుకు తెచ్చాయి. గల్ఫ్‌కు వెళ్లేవాడు పాస్‌పోర్టు ఫొటోతో పాటు కుటుంబంతో కలిసి మరొక ఫొటో దిగి, ఒక ప్రతి వెంట తీసుకొనిపోవడం ఈ ప్రాంతానికి పరిచితమైన విషయమే. వెనుక తెరపై గీసిన తోట, చేతికి పెట్టిన గడియారం, అరువు తెచ్చుకున్న కోటు ఆ మనిషి తనను ఎలా చూపించుకోదలచాడో చెబుతాయి.

బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు మరొక రకమైన ఆధారం. 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమనిధి చట్టం కింద వచ్చే ప్రయోజనాలకు ఈ కార్డు అవసరమైంది. ఇంటి గడప దాటకుండా జరిగే శ్రమకు ప్రభుత్వ గుర్తింపునిచ్చిన పత్రం అది. ఆస్థాన చిత్రంలో పేరులేకుండా నిలబడిన కూలీకి, కార్డుపై పేరుతో, ముఖంతో కనిపించే బీడీ కార్మికురాలికి మధ్య ఉన్న దూరం ఈ ప్రాంత సామాజిక చరిత్రలో గుర్తించదగిన మార్పు. అయితే ఆ ముఖం కూడా ఒక కార్యాలయ అవసరానికే నమోదైందని మరువరాదు.

ఈ ఆధారాలు నేడు ప్రమాదంలో ఉన్నాయి. డిజిటల్ కెమెరాలు వచ్చిన తరువాత పాత స్టూడియోలు మూతపడుతున్నాయి. నెగటివులను చెత్తగా పారవేయడం, వెండి రాబట్టుకొనేందుకు అమ్మివేయడం స్టూడియో వృత్తిలో తెలిసిన సంగతే. పెట్టెల్లోని ముద్రలు తేమకు, చెదలకు, జిగురుకు పాడైపోతున్నాయి.

8. గ్రంథాలయాల బాధ్యత:

తెలంగాణలో సాంస్కృతిక చైతన్యం గ్రంథాలయంతోనే మొదలైంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడ్డాయి. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారమైంది. ఇంటిపన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ పన్ను కూడా చెల్లిస్తున్నారు. కాబట్టి తమ ప్రాంతపు జ్ఞాపకాలను భద్రపరచమని అడిగే హక్కు వారికి ఉంది.

తమిళనాడులో పాండిచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు బ్రిటిష్ లైబ్రరీ సహాయంతో పాత స్టూడియో చిత్రాలను డిజిటల్ రూపంలోకి మార్చారు. మూల చిత్రాన్ని యజమాని వద్దనే ఉంచి, దాని ప్రతిని గ్రంథాలయంలో చేర్చే పద్ధతి మన పట్టణాలకు అనుకూలమైనది. అందుకు ఈ కింది అంశాలు ముఖ్యం.

అ) చిత్రం ముందువైపునే కాక వెనుకవైపు రాత, స్టూడియో ముద్ర, తేదీ కూడా నమోదు చేయాలి.

ఆ) చిత్రంలోని వ్యక్తుల పేర్లను, వృత్తులను, బంధుత్వాలను ఇంటివారి మాటల్లోనే రాసుకోవాలి. స్థానిక పదాలను ప్రామాణిక పదాలతో మార్చకూడదు.

ఇ) లామినేషన్ చేయించడం, జిగురుతో అతికించడం చిత్రానికి హానికరమని కుటుంబాలకు తెలియజేయాలి.

ఈ) అనుమతి లేకుండా చిత్రాన్ని ప్రచురించకూడదు. ఉద్యమకాలపు చిత్రాల విషయంలో, గుర్తింపు కార్డుల విషయంలో ఈ నియమాన్ని మరింత కచ్చితంగా పాటించాలి.

తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు తమ ప్రాజెక్టు పనిలో భాగంగా ఒక్కొక్కరు ఒక్కొక్క కుటుంబపు చిత్రాలను ఈ పద్ధతిలో నమోదు చేసినా, కొద్దికాలంలోనే ఆ పట్టణానికి ఒక సేకరణ ఏర్పడుతుంది.

9. ముగింపు:

ఆస్థాన అవసరం దీనదయాళ్ చిత్రాలకు, ఆదివాసుల అసంతృప్తిపై ప్రభుత్వ ఆందోళన హైమెన్‌డార్ఫ్ పరిశోధనకు దారితీశాయి. రైలుకు దూరంగా, ఆ రెండు అవసరాలకూ వెలుపల ఉన్న కాగితం పనివారు, నేతకార్మికులు, బీడీ కార్మికురాళ్ల జీవితం ఆ సేకరణలకు ప్రధాన విషయం కాలేదు. గ్రంథాలయంలో ఒక ప్రాంతపు చిత్రాలు లేకపోవడం ఆ ప్రాంతానికి చరిత్ర లేదనడానికి రుజువు కాదు; ఎవరి జీవితాన్ని భద్రపరచదగినదిగా ఆనాటి వ్యవస్థ భావించిందో తెలిపే రుజువు. లండన్, ఢిల్లీ సేకరణలను ఈ ఎరుకతో చదవడం పరిశోధకుల పని. పాత చిత్రాలలోని ముఖాలను పేరుపెట్టి గుర్తించగలిగిన పెద్దలు నేటికీ ఈ ఊళ్లలో ఉన్నారు. వారి తరం దాటిపోతే చిత్రం మిగిలినా పేరు మిగలదు. అందువల్ల ఈ నమోదు సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాలల గ్రంథాలయాలు, కళాశాలలు వెంటనే చేపట్టవలసిన పని.