శరత్ నవలలు – తెలుగు చిత్రములు

చదివిన కథను తెరపై చూచుట ఒక వేడుక. శరత్ బాబు నవలలు అనువాదములుగా మన ఇండ్లకు వచ్చినవి. చలనచిత్రములు వానిలోని వారిచే తెలుగు పలికించినవి. అట్టి చిత్రములలో మూడింటిని చూడుడని శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మొదటిది ‘దేవదాసు’ (1953). 1917లో వెలువడిన నవలకు వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున నాగేశ్వరరావు, సావిత్రి ప్రాణము పోసిరి. రెండవది ‘నిష్కృతి’ ఆధారముగా ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన ‘తోడికోడళ్ళు’ (1957). ఉమ్మడి కాపురము చీలుటకు అపోహలే చాలునని అది నవ్వించుచునే తెలుపును. మూడవది ‘బడదీది’ నుండి వచ్చిన ‘బాటసారి’ (1961). ఇందు భానుమతి ధరించిన మాధవి బాలవితంతువు. తన మనసులోని మాట పైకి చెప్పజాలదు.

వంగదేశపు కథ మన కథ యెట్లయినది? మాధవివంటి వారు ఇచ్చటను ప్రతి ఊర నుండిరి. వితంతు వివాహమునకు 1856లోనే చట్టము వచ్చెను. 1881లో వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున అట్టి వివాహమును జరిపించిరి. అయినను పెక్కు ఇండ్లలో ఆ మౌనము తొలగలేదు. అందుచేతనే ‘బాటసారి’ని చూచి ఊరకుండక, నవలను కూడ చదువుడని కోరుచున్నాము.