బోర్డు మీద భీమవరం, నోట్లో భీమారం

రాజమండ్రి బస్టాండులో కండక్టరు ‘భీమారం, భీమారం’ అని కేకేస్తుంటాడు. బస్సు బోర్డు మీద మాత్రం భీమవరం అనే ఉంటుంది. ఎక్కేవాళ్లలో ఎవరికీ ఆ తేడా పట్టదు. పోలవరాన్ని పోలారమనీ, గోకవరాన్ని గోకారమనీ, అన్నవరాన్ని అన్నారమనీ పిలవడం డెల్టా నోటికి అంత అలవాటు. రెండు అకారాల నడుమ పడిన వకారం నిలవదు. అది జారిపోగానే అటూ ఇటూ ఉన్న హ్రస్వాలు కలిసి దీర్ఘమవుతాయి. దీన్ని చదువురానివాళ్ల తప్పుగా కొట్టిపారేయకూడదు. ఇది నోటికి తెలిసిన వ్యాకరణం. తెలంగాణలో ఈ మార్పు మరో అడుగు ముందుకేసి కాగితం కూడా ఎక్కింది. మంచిర్యాల జిల్లాలోని భీమారం, కాళేశ్వరం ప్రాజెక్టు బ్యారేజీతో అందరికీ తెలిసిన అన్నారం రాతలోనూ అవే పేర్లు. అవీ ఒకప్పుడు వరాలేనని నా నమ్మకం. అక్కడ రాత నోటిని అనుసరించింది, ఇక్కడ ఆగిపోయింది.

యాస అనేది పక్క జిల్లాలవాళ్లకే ఉంటుందనీ, మనం మాట్లాడేది అచ్చమైన తెలుగనీ గోదావరి జిల్లాల్లో చాలామంది అనుకుంటారు. అందుకు కారణం లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును నాలుగు మాండలికాలుగా విభజించినప్పుడు గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాలు మధ్య మాండలికంలోకి వచ్చాయి. పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఆ నుడికారాన్నే ప్రమాణంగా తీసుకున్నాయి. ప్రమాణం మనదైనప్పుడు మన యాస మనకు వినపడదు. అది ఎంత కాలంగా పనిచేస్తోందో తెలియాలంటే ఊళ్ల పేర్లను శాసనాల నాటి రూపాలతో పోల్చి చూడాలి.

సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనం నాలుగో శతాబ్దిది. అతను ఓడించిన దక్షిణాది రాజుల జాబితాలో పిష్టపురం, వేంగి రెండూ ఉన్నాయి. 634 నాటి ఐహోళె శాసనం కూడా పులకేశి పిష్టపురాన్ని గెలిచిన సంగతి చెబుతుంది. ప్రాకృతపు పలుకుబడిలో పిష్ట అన్నది పిట్ఠ అయింది. ఆ దారినే నేటి పిఠాపురం వచ్చింది. ధ్వని మారాక పాత అర్థం జనానికి అందలేదు. పీఠం ఉంది కాబట్టి పీఠికాపురమన్న కొత్త వివరణ పుట్టింది. ఇప్పుడు ఊళ్లోవాళ్లు ఆ ఒత్తు కూడా వదిలేసి పిటాపురం అంటారు. వేంగి కథ ఇంతకంటే చిన్నది. నిండుసున్న అరసున్న అయింది, అదీ పోయి వేగి మిగిలింది. తూర్పు చాళుక్యుల రాజధాని పేరు ఇవాళ ఏలూరు దగ్గర పెదవేగిలో వినపడుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు నిడదవోలు. చాళుక్యుల కాలంలో అది నిరవద్యప్రోలు. ప్రోలు అంటే పట్టణం. పలికి పలికి ద్య తేలికపడి దకారమైంది, రకారం డకారమైంది, ప్రోలు వోలుగా అరిగింది. అదే ప్రోలు పిఠాపురం పక్కనున్న గొల్లప్రోలులో చెక్కుచెదరలేదు. రాజమండ్రి దగ్గరి రాజవోలులో సగం అరిగింది. కోనసీమలోని రాజోలులో వకారం కూడా లేదు. ఒక్క మాట నడిచొచ్చిన దారంతా పాత రెండు గోదావరి జిల్లాల పరిధిలోనే, ఏ తవ్వకమూ అక్కర్లేకుండా మన కళ్ల ముందుంది. పాలకొలను పాలకొల్లు కావడం కూడా ఇలాంటిదే. కొలనులో నడిమి అచ్చు ఊడిపోయి, లకారం నకారాన్ని తనలో కలుపుకుంది. కొల్లేరులో ఉన్నదీ ఆ కొలనే.

ద్రాక్షారామం మాత్రం ఎదురు నడిచింది. శాసనాల్లో అది దాక్షారామం, దక్షుడి పేరు మీద వచ్చిన చోటు. అందులోకి ఒక రకారం చేరింది. డెల్టా వరిచేల నడుమ ద్రాక్షతోటలు వెతకడం వృథా. అయినా తెలియని మాటకంటే తెలిసిన మాటే నోటికి దగ్గర. రోజువారీ మాటల్లో అది ద్రాక్షారం కూడా అవుతుంది.

పదిహేడో శతాబ్దం నుంచి పరాయి చెవులు వచ్చాయి. డచ్చివాళ్లు పాలకొల్లులో, ఇంగ్లీషువాళ్లు నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో వర్తకస్థానాలు పెట్టారు. మాధవాయపాలెం వాళ్ల నోట్లో మడపొల్లం అయింది. అక్కడినుంచి ఓడలెక్కిన నూలు బట్టకూ అదే పేరు పడింది. ఫ్రెంచి నిఘంటువుల్లో ఆ బట్ట పేరు ఇప్పటికీ ఉంది. మన నేతగాళ్లు నేసిన గుడ్డ వేల మైళ్లు ప్రయాణించి ఒక డెల్టా పాలెం పేరును పరాయి భాషల్లో నిలిపింది. ఊరి అసలు పేరు చెబితే మాత్రం మన జిల్లాలోనే చాలామందికి గుర్తురాదు. ఈ సంగతి మన బళ్లలో చెప్పాలి.

యానాన్ని ఫ్రెంచివాళ్లు యనఓన్‌గా రాసుకున్నారు. తెలుగులో మాట చివరి సున్నను పెదవులు పూర్తిగా మూయకుండా, ముక్కుతో తేల్చి పలుకుతాం. వాళ్ల భాషలోనూ ముక్కుతో పలికే అచ్చులున్నాయి కాబట్టి ఆ ధ్వనిని పట్టుకోగలిగారని నాకనిపిస్తుంది. కోరంగి రేవు నుంచి బర్మా వెళ్లిన మనవాళ్లకు అక్కడ కోరంగీలన్న పేరే స్థిరపడింది. రేవు పేరు మనుషుల పేరైంది.

కాకినాడను ఇంగ్లీషువాళ్లు కోకనాడ అన్నారు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన అక్కడ జరిగిన కాంగ్రెసు మహాసభ కూడా కోకనాడ కాంగ్రెసుగానే ప్రసిద్ధికెక్కింది. స్వతంత్రం వచ్చాక పేరు సరిదిద్దారు గాని, రైలు టిక్కెట్టు మీద కాకినాడ టౌనుకు సీసీటీ, పోర్టుకు సీఓఏ అనే సంకేతాలు ఇంకా ఉన్నాయి. వాటి మొదటి అక్షరం ‘సీ’ ఇంగ్లీషులో రాసిన కోకనాడదే. పేరు మార్చినంత సులువుగా రికార్డు మారదు.

ఇక రాజమండ్రి. రాజమహేంద్ర బిరుదున్న అమ్మరాజు పేరు మీద ఊరు వచ్చిందని కొందరు, రాజరాజనరేంద్రుడి పేరు మీద వచ్చిందని కొందరు అంటారు. ఏదైనా పూర్తి పేరు రాజమహేంద్రవరం, పొట్టిగా రాజమహేంద్రి. సింహాచలాన్ని సిమ్మాచలమనే నోరు ఇక్కడ కూడా హకారాన్ని వదిలేసింది. మహేంద్రి మేంద్రి అయి, మండ్రి అయింది. ఇంగ్లీషువాళ్లు ఊరి పేరు పాడుచేశారని తరచూ వింటాం. రాజా అన్న మాట చివర వాళ్లు ఒక హకారం తగిలించిన మాట నిజమే. కానీ రాజమండ్రి మనవాళ్ల నోట అరిగి వచ్చిన పేరేనని నా అభిప్రాయం. 2015 పుష్కరాల ఏడాది ప్రభుత్వం రాజమహేంద్రవరాన్ని మళ్లీ అధికారికం చేసింది. ఆ పేరులో చరిత్ర ఉంది, గౌరవం ఉంది, అది ఉండాల్సిందే. అయినా ఏ ఊరని అడిగితే ‘రాజమండ్రండి’ అనే చెబుతారు. ఆ జవాబులోనూ అంతే చరిత్ర ఉంది.

కాబట్టి ఏది తప్పు, ఏది ఒప్పు అన్న వాదన పక్కనపెట్టి రెండింటినీ భద్రపరచాలి. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి దారి చూపారు. గోదావరి డెల్టాలో ఊళ్లకు తోడు లంకలు, రేవులు, పంటకాలవలు, చెరువుగట్లు, దిబ్బలు ఉన్నాయి. వాటిలో చాలా పేర్లు ఏ బోర్డు మీదా లేవు, పెద్దవాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. నది కోతకు లంకలు పోతున్నాయి, రేవులు మూతపడుతున్నాయి. చోటు పోతే పిలిచేవాళ్లూ ఉండరు.

చదివేవారికి నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్లో వయసు మళ్లినవాళ్ల దగ్గర కూర్చుని, చుట్టుపక్కల పేర్లన్నీ వాళ్లు ఎలా పలికితే అలాగే ఫోనులో రికార్డు చేయండి. సరిదిద్దకండి. పక్కన అధికారిక పేరు, తేదీ రాసి, ఒక కాపీ మీ ఊరి బడికో గ్రంథాలయానికో ఇవ్వండి.