కండ్లయెదుట కూర్చిన ప్రోగ్రాము

వేసవి రాగానే సుచిత్ర చౌరస్తా పరిసరములలోని గిర్నీల ముందు ఎండుమిరపకాయల సంచులు బారులు తీరును. ప్రక్క దుకాణములోనే కారపుపొడి పొట్లములు దొరకునుగదా, ఈ శ్రమ యెందుకని అడిగినచో వచ్చు సమాధానమొక్కటే: "ప్యాకెట్ల ఏం కలిపిండ్రో ఎవరికెరుక? ఇది మా కండ్ల ముంగట పట్టించింది." కంప్యూటరు రక్షణకు సంబంధించిన ప్రోగ్రాములను మూలమునుండి కూర్చుకొను ఆచారమునకు కూడ ఈ ఆలోచనయే పునాది. అది మనలను ఎంతవరకు కాపాడినది, ఎక్కడ చాలకపోయినది అను విషయము ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది.

మూలము, యంత్రరూపము

ప్రోగ్రామును మనుష్యుడు మొదట చదువదగిన భాషలో వ్రాయును. దీనికి సోర్సు కోడు అని పేరు. మనము మూలము అందము. యంత్రము దీనిని నేరుగా గ్రహింపజాలదు. కంపైలరు అను మరియొక ప్రోగ్రాము దీనిని ఒకట్లు, సున్నలు గల యంత్రరూపమునకు మార్చవలెను. మూలము మిరపకాయ యనుకొన్నచో, కంపైలరు గిర్నీ, యంత్రరూపము కారపుపొడి. పొడిని చూచి కాయ యెట్టిదో చెప్పుట ఎంత కష్టమో, యంత్రరూపమును చూచి లోపల ఏమున్నదో చెప్పుటయు అంత కష్టము.

పెద్ద ప్రోగ్రాములలో వందలకొలది ఫైళ్ళుండును. ఒకదానిని మార్చినప్పుడు వేనిని తిరిగి కూర్చవలెనో జ్ఞాపకముంచుకొనుట దుస్సాధ్యము. ఈ చిక్కును తీర్చుటకై 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అను సాధనమును రచించెను. నేటికిని అనేక ప్రోగ్రాములను కూర్చుటలో మూడు మెట్లు కనిపించును. 'కాన్ఫిగర్' మన యంత్రములో ఏ యే వసతులున్నవో పరీక్షించును. 'మేక్' మూలమును యంత్రరూపమునకు మార్చును. 'మేక్ ఇన్‌స్టాల్' దానిని తగిన తావున నెలకొల్పును.

మూలము అందరిదైన కథ

ప్రోగ్రాముల మూలము అందరికిని లభింపవలెనని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమమును ప్రకటించెను. రక్షణ విషయములో ఈ సూత్రమునకు గల బలము 1990వ దశకములో బయటపడినది. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ ఉత్తరములను రహస్యలిపిలోనికి మార్చు పీజీపీ అను ప్రోగ్రామును వెలువరించెను. ఆనాటి అమెరికా చట్టము బలమైన రహస్యలిపిని ఆయుధములతో సమానముగా నెంచి ఎగుమతిని నిరోధించెడిది. కాని పుస్తకముల ఎగుమతికి అడ్డులేదు. అందుచేత 1995లో ఎం.ఐ.టి. ముద్రణాలయము పీజీపీ మూలమును పుస్తకముగా అచ్చువేసినది. తరువాత 1997లో కొత్త రూపపు మూలమును సైతము పుస్తకములుగానే ఐరోపాకు చేర్చి, పుటపుటను స్కాను చేసి, అక్కడ తిరిగి ప్రోగ్రాముగా కూర్చిరి. కాగితముపై నున్న అక్షరములు యంత్రములో కావలివాడైనవి!

మన దేశమునను ఈ ఆలోచన వేళ్ళూనినది. 1982 నుండి హైదరాబాదులోని డీఆర్‌డీఎల్ సంచాలకుడుగా క్షిపణుల నిర్మాణమును నడిపించిన అబ్దుల్ కలామ్, రాష్ట్రపతియైన పిమ్మట 2003 మే నెలలో పుణెలో ప్రసంగించుచు, బహిరంగ మూలము గల ప్రోగ్రాములలో రక్షణ పద్ధతులను మనమే నిర్మించుకొనవచ్చునని వాదించెను. 2005లో హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ ఏర్పడి, కంప్యూటరు తెరపై తెలుగు కనిపించునట్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తీర్చిదిద్దినది. మూలము చేత నున్నందుననే, ఒకరి అనుమతికై వేచియుండక ఈ పని సాధ్యమైనది. 2007లో సీ-డాక్ సంస్థ 'బాస్' లినక్సును విడుదల చేసినది.

గిర్నీయే కల్తీయైనచో?

మూలమును చదివి, మనమే కూర్చుకొన్నచో నిశ్చింతగా నుండవచ్చునా? 1984లో ప్రచురితమైన తన ట్యూరింగ్ పురస్కారోపన్యాసములో కెన్ థాంప్సన్ ఈ ప్రశ్నకు కలవరపెట్టు సమాధానమిచ్చెను. లోనికి ప్రవేశించువాని రహస్యపదమును పరీక్షించు ప్రోగ్రామును కూర్చుచున్నప్పుడు, కంపైలరు దానిలో ఒక దొంగదారిని చేర్చుననుకొనుడు. అంతేకాక, తన మూలమునుండి కొత్త కంపైలరును కూర్చునప్పుడు కూడ ఆ దొంగబుద్ధిని దానికి సంక్రమింపజేయుననుకొనుడు. ఇక మూలములోనుండి ఆ మోసపు పంక్తులను తొలగించినను నష్టములేదు. ఎవరెంత చదివినను దోషము కనిపింపదు. మోసము మాత్రము తరతరములుగా సాగును. మిరపకాయలు మేలివైనను గిర్నీరాతిలోనే కల్తీ యున్నదన్నమాట.

2002లో వేరొక విధమైన ప్రమాదము జరిగినది. దూరపు యంత్రములలోనికి సురక్షితముగా ప్రవేశించుటకు ఉపయోగపడు ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ అను ప్రోగ్రాముయొక్క మూలపు కట్టను ఎవరో దాని అసలు నిలయముననే మార్చివేసిరి. కూర్చుట మొదలుపెట్టగానే ఆ కట్టలోని దొంగపంక్తులు పనిచేసెడివి. అనగా కండ్లయెదుట కూర్చినవారే దెబ్బతినిరి! అయినను మోసము త్వరలోనే పట్టుబడినది. ఫ్రీబీఎస్‌డీ వారు ఆ కట్టయొక్క 'ముద్ర'ను ముందే నమోదుచేసి యుంచిరి. కొత్తగా దిగుమతియైన కట్ట దానితో సరిపోలలేదు.

ఈ ముద్ర యనగా ఏమి? ఫైలులోని ప్రతి అక్షరమును గణితమున కలిపి తీసిన సంఖ్య. ఎస్‌హెచ్‌ఏ-256 అను పద్ధతిలో ఇది 64 గుర్తులతో నుండును. మా ప్రయోగశాలలో ఒక విద్యార్థి, "సైటునుండి దిగినదే కదా సార్, మళ్ళీ చూచుటెందుకు?" అని అడిగెను. నేను వాదింపక, ఒక పాఠపు ఫైలులో ఒక్క కామాను చుక్కగా మార్చి ముద్రను తిరిగి తీయుమంటిని. మొదటి ముద్రకును రెండవదానికిని పోలికయే కనబడలేదు. అతడు మరల ఆ ప్రశ్న వేయలేదు. ఏ పాఠశాలలోనైనను ఐదు నిమిషములలో చేయదగిన ప్రయోగమిది.

అయితే ఫైలును మార్చగల దొంగ, ప్రక్కనున్న ముద్రను కూడ మార్చగలడు. అందుకే ప్రోగ్రాము కర్త కట్టపై గణితపరమైన సంతకమును సైతము చేయును. 1999లో తొలి పూర్తిరూపము పొందిన వెర్నర్ కోఖ్ రచన 'గ్నూ ప్రైవసీ గార్డ్' ఈ సంతకములను పరీక్షించును.

అర సెకను ఆలస్యము

సంతకమున్నను చాలదని 2024 తెలియజెప్పినది. ఫైళ్ళను కుదించు ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రామును లినక్సు యంత్రములు విరివిగా వాడును. 'జియా టాన్' అను పేరుతో ఒకరు 2021 నుండి దానికి సాయపడుచు, క్రమముగా నిర్వాహకుల నమ్మకమును చూరగొని, 5.6.0, 5.6.1 కట్టలలో దొంగదారి నుంచిరి. అందరును చదువు బహిరంగ మూలములో లేని కీలకమైన పంక్తి, కూర్చుటకై పంచిన కట్టలో మాత్రమే యున్నది. సంతకము సరియైనదే, సంతకము చేసినవాడే దొంగ! దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఎక్కువ పట్టుచున్నదని గమనించి, కారణమును వెదకిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు 2024 మార్చి 29న ఈ గుట్టును బయటపెట్టెను. ఆ అర సెకనును అతడు ఉపేక్షించియుండినచో లెక్కలేనన్ని సర్వర్లకు మారుతాళము దుండగుల చేతికి చిక్కియుండెడిది.

మరి దారి యేది? ఒకే మూలమును వేర్వేరు స్థలములలో వేర్వేరు వ్యక్తులు కూర్చినను, ఒక్క బిట్టు తేడా లేక ఒకే యంత్రరూపము రావలెనని 2013లో డెబియన్ బృందము పని ప్రారంభించినది. కూర్చిన తేదీ, ఫైళ్ళ వరుసవంటి అల్పవిషయములే తేడాలకు కారణమగుచుండుటచే ఒక్కొక్కదానిని సరిదిద్దవలసివచ్చినది. థాంప్సన్ చూపిన చిక్కునకు డేవిడ్ వీలర్ 2005లో ఒక ఉపాయమును వివరించెను: అనుమానము గల కంపైలరు మూలమును వేరొక కంపైలరుతో కూర్చి, దానితో మరల ఆ మూలమునే కూర్చి, ఫలితమును మొదటి కంపైలరుతో పోల్చిచూచుట.

గిర్నీ ముందు నిలుచున్న ఇల్లాలు ఒంటరిగా చూడగలిగినది కొంతయే. కాని నలుగురు నాలుగు గిర్నీలలో అవే కాయలను పట్టించి పోల్చుకొన్నచో కల్తీకి తావెక్కడిది? మూలము అందరికిని తెరచియుండుట మొదటి మెట్టు మాత్రమే. దానిని చదువువారును, కూర్చి పోల్చువారును, అర సెకను తేడాను ఉపేక్షింపనివారును ఉండవలెను. అట్టివారు మన తరగతిగదులలోనుండియే రావలెను.