అవ్వ మూట, నా పాస్‌బుక్

మొన్న జూన్‌లో బ్యాంకుకెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకొచ్చాను. నా నోటుపుస్తకం లెక్కకూ దానికీ 456 రూపాయలు తేడా! "ఎక్కడో ఖర్చుపెట్టి మర్చిపోయుంటావులే" అన్నారు మా ఆయన. ఆ మాట వినగానే మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వది గద్వాల దగ్గర పల్లె. ఆమె కాపురానికొచ్చేనాటికి ఇంకా నిజాం రాజ్యమే. గద్వాల, వనపర్తి సంస్థానాలైనా, నాగర్‌కర్నూల్ వైపైనా చెల్లేది నిజాం సర్కారు హాలీ సిక్కా. తుంగభద్ర దాటి కర్నూలుకు పోతే అది మద్రాసు ప్రెసిడెన్సీ. అక్కడ నడిచేది ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయి. పేరు రూపాయే అయినా విలువ ఒకటి కాదు. 6 కల్దారు రూపాయలు 7 హాలీ రూపాయలకు సమానం. నూరు కల్దార్లంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలన్నమాట.

ఒకసారి తాత కర్నూలు సంతలో ఎడ్లనమ్మి 60 కల్దార్లు తెచ్చాడు. ఇంటి లెక్కల పుస్తకంలో మాత్రం హాలీ లెక్కన 70 అని రాశాడు. మూట అవ్వ చేతికిచ్చి మళ్లీ ఊరెళ్లాడు. రాత్రి బావగారు దీపం వెలుతురులో మూట విప్పి లెక్కపెడితే అరవయ్యే! "పది రూపాయలేమైనయి?" అని అత్త అడిగింది. కొత్త కోడలు ఏం చెప్పగలదు? రాత్రంతా ఏడ్చిందట. తెల్లారి షావుకారు ఒక నాణెం చూసి నవ్వాడు. హాలీ నాణెం మీద చార్మినార్ ఉంటుంది, దీని మీద ఇంగ్లీషు రాజు తలకాయ ఉంది. పైసా పోలేదు. కానీ అవ్వకు ఆ రాత్రి మాత్రం జీవితాంతం గుర్తుండిపోయింది.

తర్వాత 1950లలో హాలీ సిక్కా పోయింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలొచ్చాయి, మళ్లీ తికమక. రూపాయికి 16 అణాలు, కొత్త లెక్కలో 100 పైసలు. అణాకు ఆరుంపావు పైసలు రావాలి, కానీ ఆరే కట్టారు. మూడణాలకు 19, నాలుగణాలకు 25. ఒక్కో అణా విడివిడిగా మార్చుకున్నవాళ్లకు రూపాయికి 96 పైసలే తేలాయి! అప్పుడూ అంగడికెళ్లి తక్కువ చిల్లర తెచ్చిన ఆడవాళ్లే ఇంట్లో జవాబు చెప్పుకుని ఉంటారు.

ఇంతకీ నా 456 సంగతి. ఊరుకోకుండా స్టేట్‌మెంటు తీయించి వరుసవారీగా చూశాను. మే నెలాఖరులో రెండు కోతలు. జీవన్ జ్యోతి బీమాకు 436, సురక్షా బీమాకు 20. ఎప్పుడో నేనే సంతకం పెట్టాను, ఏటా వాటంతటవే కట్ అవుతాయి. పాస్‌బుక్‌లో ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉండేసరికి నాకర్థం కాలేదు, అంతే.

అమ్మలూ, ఖాతాలో లెక్క తప్పితే ముందు మిమ్మల్ని మీరు అనుమానించుకోకండి. ఎదుటివాళ్ల మాటకు తలొంచకండి కూడా. ఏ తేదీన, ఎంత, దేనికి పోయిందో అడిగి రాయించుకోండి. చాలాసార్లు డబ్బు పోయుండదు, రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉంటుంది. నిజంగానే పోయుంటే అదీ అప్పుడే బయటపడుతుంది.

నా నోటుపుస్తకంలో ఇప్పుడు మే పేజీలో ముందే రాసిపెట్టుకున్నాను: బీమా, 456. అది మా ఆయనకూ చూపించాను.