గృహరక్షణకు చేతి తుపాకి (పాలకొల్లు ప్రాంతం)

ప్రాణభయమో దోపిడీ భయమో ఉన్నవారు ప్రభుత్వ లైసెన్సు తీసుకుని ఇంట్లో ఉంచుకునే రివాల్వరును గానీ పిస్టలును గానీ గృహరక్షణకు వాడే చేతి తుపాకి అంటారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని పాలకొల్లు కొబ్బరి వ్యాపారానికి పేరుబడ్డ పట్టణం. ఇక్కడ ఈ ఆలోచన రాదగినవాళ్లు మూడు రకాలు: చేతి మీదుగా రొక్కం తిరిగే కొబ్బరి, ధాన్యం, బంగారం వర్తకులు, ఊరికి దూరంగా చెరువుగట్టు మీద మకాం వేసి రాత్రి కాపలా కాసే రొయ్యల రైతులు, పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోగా పెద్ద లోగిలిలో మిగిలిన ముసలి దంపతులు.

దుకాణానికి వెళ్లి నచ్చినది చూసి కొనుక్కునే వస్తువు కాదిది. ఉంచుకోవచ్చా లేదా అన్నది జిల్లా కలెక్టరు తేలుస్తారు. ఏ బోరు (గొట్టం లోపలి కొలత) ఉంచుకోవచ్చో చట్టం తేలుస్తుంది. దొరికే మోడళ్లు కొద్దివే. అందుకే ఈ వ్యాసం మోడళ్ల కంటే ఆ తుపాకిని పట్టే చేతి గురించి, దాచే బీరువా గురించి, పక్కింటి గోడ గురించి ఎక్కువ చెబుతుంది. ఇంట్లో తుపాకి వల్ల జరిగే అనర్థాలు మోడలు ఎంపికలో పొరపాటు వల్ల రావు, ఈ మూడింటిని పట్టించుకోకపోవడం వల్ల వస్తాయి.

చట్టం వెనుక చరిత్ర

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం జనం చేతుల్లోని ఆయుధాలను లాగేసుకోవడం మొదలుపెట్టింది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడాన్ని నేరం చేసింది. తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ అవమానం జాతీయోద్యమ నాయకులను చాలాకాలం కుదిపింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది తుపాకులు, తూటాల కోసమే. మన్యంలో తుపాకులు ఎక్కువగా ఠాణా గోడల వెనుకే ఉన్న రోజులవి. 1931లో కరాచీ కాంగ్రెసు చేసిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా ఉంది. రాజ్యాంగంలోకి మాత్రం అది చేరలేదు. 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది, 2016లో కొత్త నియమావళి వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నవి ఇవే. భారతదేశంలో తుపాకి హక్కు కాదు, అనుమతి.

పాలకొల్లు నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాలకు ఈ తేడా చప్పున తెలుస్తుంది. అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో ఇంట్లో ఆత్మరక్షణకు చేతి తుపాకి ఉంచుకోవడం పౌరుడి హక్కని తీర్పిచ్చింది. గ్రీన్‌కార్డు ఉన్న మనవాళ్లు తనిఖీ పూర్తి చేసుకుని కొనుక్కోగలరు. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు అక్కడి కేంద్ర చట్టమే, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్పించి, తుపాకి నిషేధించింది. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోనులో చెప్పే సలహా ఇక్కడ పనికిరాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ విరివిగా కనిపించే 9 మి.మీ. పిస్టలు ఇక్కడ నిషిద్ధ బోరు.

లైసెన్సు

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. పాలకొల్లు వాసుల లైసెన్సు అధికారి భీమవరంలోని జిల్లా కలెక్టరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక జిల్లా కేంద్రం అక్కడికి మారింది. దరఖాస్తు మీద పోలీసులు విచారణ చేస్తారు: కేసులున్నాయా, ఇరుగుపొరుగుతో తగాదాలున్నాయా, చెప్పిన ముప్పు నిజమేనా. మానసిక, శారీరక ఆరోగ్యానికి వైద్యుడి ధ్రువపత్రం కావాలి. ఆయుధం వాడటంలో శిక్షణ పొందినట్టు పత్రం, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉందని హామీ 2016 నియమావళి అడుగుతుంది. లైసెన్సుదారు వివరాలు జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేసులో నమోదై, విశిష్ట సంఖ్య ఒకటి వస్తుంది. 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒకరి దగ్గర ఉండదగ్గ ఆయుధాలు మాత్రం మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే మామూలుగా పడే శిక్ష రెండు నుంచి ఐదేళ్ల జైలు. పెళ్లి ఊరేగింపులో సరదాకు గాల్లోకి కాల్చినా, అది ఎదుటివారికి ప్రమాదమైతే, రెండేళ్ల దాకా జైలుకు వీలుంది.

చట్టంలో అంతగా ఎవరూ గమనించని మాట ఒకటుంది. 13వ సెక్షను ప్రకారం, గొట్టం 20 అంగుళాలకు తక్కువ కాని నున్నని గొట్టపు తుపాకిని, అంటే మనం పన్నెండు బోరు అనుకునే డబుల్ బ్యారెల్ వంటిదాన్ని, రక్షణ కోసం ఒక పౌరుడు అడిగితే, నిరాకరించే కారణాలేవీ లేనప్పుడు, ఇవ్వాలి. పంట కాపలాకు, గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకి విషయమూ అంతే. రివాల్వరుకు, పిస్టలుకు అయితే తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. చేతి తుపాకి జేబులో దాగుతుంది, పొడవాటి తుపాకి దాగదు. చట్టం చూపే ఈ తేడా సబబైనదే. చెరువుగట్టు మకాముకు రివాల్వరు అడగడం కంటే పన్నెండు బోరు అడగడమే దరఖాస్తుకూ మేలు, పనికీ మేలు. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగవచ్చు, అప్పీలుకు వెళ్లవచ్చు.

దొరికేవి ఏవి

పౌరులకు అనుమతించే బోర్లలో ఇంటి రక్షణకు వాడుకలో ఉన్నది ప్రధానంగా .32. పోలీసులు, సైన్యం వాడే 9 మి.మీ., .38 బోర్లు మామూలు లైసెన్సు మీద రావు. 1980ల మధ్య నుంచి సామాన్యులు తుపాకులు దిగుమతి చేసుకునే వీలు లేకపోవడంతో అంతకు ముందు వచ్చిన పాత విదేశీ పిస్టళ్లు చేతులు మారుతూ, అసలు విలువకు ఎన్నో రెట్లు పలుకుతాయి. పేరు చూసి వాటి వెంట పడటం అనవసరం. వాటికి విడిభాగాలు దొరకవు, అలసిన స్ప్రింగు అవసరానికి మోసం చేస్తుంది.

కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు ఏళ్ల తరబడి మనవాళ్ల లైసెన్సుల మీద ఎక్కువగా కనిపించేది. నిర్భీక్ దానికి తేలిక రూపం. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత మహిళలను ఉద్దేశించి 2014 జనవరిలో విడుదల చేశారు. బరువు సుమారు అర కిలో, అప్పటి ధర 1 లక్షా 22 వేల పైచిలుకు. ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం నుంచి అశని అనే .32 పిస్టలు, నిడర్ అనే చిన్న .22 రివాల్వరు వచ్చాయి. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడదీశాక, కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా 2023 ఆగస్టులో ప్రబల్ రివాల్వరును తెచ్చింది. దీని చక్రం పక్కకు తెరుచుకుంటుంది. 50 మీటర్ల దాకా పనిచేస్తుందని కంపెనీ చెబుతుంది. మన ఇళ్లలో వీధి గుమ్మం నుంచి పడకగది తలుపుకు ఇరవై ముప్పై అడుగులు ఉంటే గొప్ప. ఆ 50 మీటర్ల కోసం ఎక్కువ ఖర్చు పెట్టడంలో అర్థం లేదు.

రివాల్వరా, పిస్టలా

కాన్పూరు పాత రకం రివాల్వరును చేతిలోకి తీసుకుని చూస్తే ఈ ప్రశ్నకు జవాబు సగం దొరుకుతుంది. పైనున్న గొళ్లెం నొక్కితే గొట్టం ముందుకు వంగి తుపాకి మధ్యలో విరిచినట్టు తెరుచుకుంటుంది. చక్రంలోని ఆరు గదులూ ఒక్కసారిగా కళ్లెదుట పడతాయి. మధ్యలో ఉన్న నక్షత్రం లాంటి ముక్క పైకి లేచి కాల్చిన తూటాల గొట్టాలను బయటికి నెడుతుంది. గదులు ఖాళీగా ఉంటే వాటి గుండా అవతలి వెలుతురు కనిపిస్తుంది. డెబ్భై ఏళ్ల మనిషి కూడా కళ్లజోడు పెట్టుకుని తుపాకి ఖాళీగా ఉందో లేదో ఖాయం చేసుకోగలడు.

పిస్టలు అలా కాదు. కింద మేగజైను తీసేసినా, గొట్టం వెనక గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. పై భాగాన్ని వెనక్కి లాగి చూస్తే తప్ప అది తెలియదు. మేగజైను తీశాం కదా, ఖాళీయే అనుకోవడం ప్రపంచమంతటా తుపాకి ప్రమాదాలకు పాత కారణం. ఆ పై భాగాన్ని లాగడానికి వేళ్లలో, మణికట్టులో బలం కావాలి, కీళ్లనొప్పులున్నవారికి అది కష్టం. రోజూ సాధన చేసేవాడికి పిస్టలు మంచిదే. ఏడాదికి నాలుగు తూటాలు కూడా కాల్చని గృహస్థుకు రివాల్వరే తగినది.

రివాల్వరులోనూ ట్రిగ్గరు బరువు చూడాలి. పైనున్న సుత్తిని ముందే వెనక్కి లాగి పెడితే ట్రిగ్గరు తేలికైపోతుంది, వణికే వేలు తగిలినా పేలుతుంది. సుత్తి ముట్టుకోకుండా ట్రిగ్గరునే పొడుగునా లాగితే బరువుగా ఉంటుంది, పొరపాటున పేలే అవకాశం తక్కువ. ఇంటివారు నేర్చుకోవలసింది ఈ రెండో పద్ధతి. లైసెన్సు భర్త పేరున ఉంటే ఆయన లేనప్పుడు భార్య దాన్ని వాడవచ్చనుకోవడం తప్పు. ఆయుధం లైసెన్సుదారుదే. ఇంట్లో దాన్ని నిబ్బరంగా పట్టుకోగలిగింది ఆమె అయితే, దరఖాస్తు ఆమె పేరునే పెట్టాలి.

గోడ అవతల

పాలకొల్లు పాత వీధుల్లో ఇళ్లు భుజాలు రాసుకుంటూ ఉంటాయి. .32 తూటా ఇటుక గోడకు ఆగుతుంది గానీ చెక్క తలుపుకు, కిటికీ రెక్కకు, రేకుల షెడ్డుకు ఆగకపోవచ్చు. చీకట్లో తలుపు చప్పుడైతే వచ్చింది దొంగా, రాత్రి బస్సు దిగిన మనవడా అన్నది ముందు తెలియాలి. అందుకే తుపాకి కంటే ముందు వరండాలో దీపం, తలుపుకు కంత, మంచం పక్కన టార్చిలైటు కొనాలి. తుపాకి ఉన్నవారి ఇళ్లలో హత్య జరిగే ప్రమాదం ఎక్కువని, ఆ పని చేసేది ఎక్కువగా కుటుంబసభ్యులో తెలిసినవారో అని ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం 1993లో అమెరికా ఇళ్ల మీద చేసిన అధ్యయనం చెప్పింది. దాని పద్ధతి మీద అక్కడ పెద్ద వాదమే నడిచింది. కానీ ఇంట్లో తాగుడు, ఆస్తి తగాదా, కుంగుబాటు ఉంటే తుపాకి తేకూడదనడానికి వాదం అక్కర్లేదు.

తుప్పు, చిలుము

గోదావరి డెల్టాలో ఆయుధానికి పెద్ద శత్రువు గాలి. సముద్రం దగ్గర, చుట్టూ కాలువలు, చేపల చెరువులు, ఆరునెలలు చెమ్మ. చాలామంది రివాల్వరును తోలు సంచిలో పెట్టి బీరువాలో బట్టల కింద దోపుతారు. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. ఒక వానాకాలం గడిచి తీసి చూస్తే గొట్టం అంచున ఎర్రటి చుక్కలు, తోలుకు ఆనుకున్న ఇత్తడి తూటాల మీద పచ్చటి చిలుము. చిలుము పట్టిన తూటా చక్రంలో బిగుసుకుపోతుంది, ఒక్కోసారి పేలదు. ఇంట్లో దొరికిన కొబ్బరినూనె రాయకూడదు, అది జిగురై లోపలి భాగాలను పట్టేస్తుంది. తుపాకులకు వాడే పలుచటి నూనె గుడ్డతో రాసి, పొడి గుడ్డలో చుట్టి, తేమ పీల్చే సిలికా పొట్లాలతో తాళమున్న ఇనప పెట్టెలో పెట్టాలి. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉండాలి. రెండు తాళంచెవులూ పిల్లలకు తెలిసిన చోట, అంటే దేవుడి గూట్లోనో పోపుల డబ్బాలోనో, పెట్టకూడదు.

కాల్చే హక్కు ఎంతవరకు

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించినవి. ప్రాణం పోతుందనో తీవ్రగాయం అవుతుందనో సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసేంత వరకు హక్కు వెళ్తుంది. ఆస్తి విషయంలో దోపిడీకి, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టి చొరబడటానికి, ఇంటికి నిప్పు పెట్టడానికి అంత హక్కు ఉంది. ఉత్తి దొంగతనానికి లేదు. పెరట్లో కొబ్బరికాయలు కోసుకుపోతున్నవాడి మీద, గోడ దూకి పారిపోతున్నవాడి మీద కాల్చడం రక్షణ కాదు. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే హక్కు ఉండదు, అవసరానికి మించి హాని చేయరాదు. ఈ మాటలు కోర్టులో ఒక్కో నిమిషం లెక్కన చర్చకు వస్తాయి.

తుపాకి ఇంట్లో లేని రోజులు

ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధ వర్తకుడి దగ్గర గానీ అప్పగించమంటారు. మినహాయింపులు జిల్లా పరిశీలక కమిటీ తేలుస్తుంది. ఉదాహరణకు 2024 ఎన్నికల్లో, ప్రకటన వచ్చినప్పటి నుంచి మే 13న పోలింగు జరిగి జూన్ 4న లెక్కింపు జరిగే దాకా, అప్పగించిన రక్షణ ఆయుధాలు ఇంట్లో లేవు. ఆ రోజులకు పనికొచ్చే ఏర్పాటు ఎన్నికలు లేని రోజుల్లోనూ ఉండాలి: గట్టి గడియలు, సీసీ కెమెరా, 112కు ఫోను, ఊరెళ్లేటప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్.హెచ్.ఎం.ఎస్. యాప్‌లో కబురు. యాప్‌లో చెబితే తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా పెట్టి కదలిక కనిపెడతారు.

లైసెన్సుదారు చనిపోతే ఆయుధం దానంతట అది కొడుకుది కాదు. తాతగారి డబుల్ బ్యారెల్ అటక మీద అలాగే ఉండిపోయిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. లైసెన్సు లేనంతకాలం అది నేరమే. దాన్ని వెంటనే స్టేషన్లోనో వర్తకుడి దగ్గరో జమ చేసి, వారసుల్లో ఒకరు కొత్త లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. జమ చేసినప్పుడు ఇచ్చే రసీదు మీద తుపాకి నంబరు, తూటాల లెక్క సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడికక్కడే చదివి, లైసెన్సు పుస్తకంతో పాటు దాచుకోవాలి.